రేటు ఒకటే, డ్యూటీలే వేరు: ప్రభుత్వ రేడియో, టీవీల్లో ఆడవాళ్ల పారితోషికం లెక్క తీసేదెలా?

బ్రాడీపేట_4వ_లైను (#1)

ప్రభుత్వ ప్రసార సంస్థల్లో ఆడవాళ్లకు తక్కువ ముడుతుంది అనగానే అందరూ బీబీసీ సంగతి ఎత్తుతారు. అక్కడ జీతాల జాబితా బయటపడింది, పేర్ల పక్కన అంకెలు కనిపించాయి, గొడవైంది. మన దగ్గర రేటు కార్డు ఆడా మగా అందరికీ ఒకటే. డ్యూటీకి ఇంత, బులెటిన్‌కి ఇంత. అయినా ఏడాది చివర ఇద్దరి 26ఏఎస్‌లు (ఏడాదిలో ఎంత చెల్లించారో, ఎంత పన్ను కోశారో చూపే ఆదాయపు పన్ను పట్టికలు) పక్కపక్కన పెడితే మొత్తాలు కలవవు అంటారు. ఆ తేడా ఎక్కడ పుడుతోంది? కాగితం మీద ఎలా చూపించాలి? విజయవాడ, గుంటూరు వైపు ప్యానెళ్లలో ఉన్నవాళ్లకు పనికొచ్చేట్టు, తెలిసినవాళ్లు రాయండి.

రెండే షరతులు. ఏ కేంద్రం మీదా, ఏ మనిషి మీదా పేరు పెట్టి ఆరోపణలు వద్దు. "నాకిలా జరిగింది" అనేవి వేరే థ్రెడ్‌లో వేసుకోండి, ఇక్కడ పద్ధతి మాత్రమే.

క్యూషీట్ (#2)

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఒకే స్టూడియోలో మూడు రకాల మనుషులు పనిచేస్తారు. పర్మనెంట్ వాళ్లది ఏడో వేతన సంఘం పే మ్యాట్రిక్స్, అంటే లెవెల్ వారీ జీతాల పట్టిక. లెవెల్ ఒకటైతే మూల వేతనంలో ఆడ మగ తేడాకి చోటు లేదు, వస్తే ప్రమోషన్లలోనూ బదిలీల్లోనూ రావాలి. రెండోవాళ్లు కాంట్రాక్టు మీద నెలకింత అని తీసుకునేవాళ్లు. మూడోవాళ్లు ప్యానెల్‌లో పేరుండి, పిలిచినప్పుడు వచ్చే క్యాజువల్ ఎనౌన్సర్లు, కంపేర్లు (కార్యక్రమం నడిపేవాళ్లు), న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్లు. మైకు ముందు వినపడే గొంతుల్లో చాలా భాగం వీళ్లవే. తేడా దాక్కునేది కూడా వీళ్ల దగ్గరే.

ఆకాశవాణిలో క్యాజువల్ ఎనౌన్సర్‌కి నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వకూడదనే కట్టుబాటు చాలా ఏళ్లుగా ఉంది. ఎక్కువ రోజులు ఇస్తే రేపు పర్మనెంట్ చేయమని కోర్టుకెక్కుతారని భయం. ఏడాదికి 72. ఇందులో కిటుకు చూడండి: ఆరుకు మించకూడదు అన్నారు గానీ ఆరు ఇచ్చి తీరాలి అనలేదు. పైకప్పు ఉంది, నేల లేదు. ఒకరికి ఆరూ పడొచ్చు, ఒకరికి రెండే పడొచ్చు. ఇద్దరి రేటూ ఒకటే కాబట్టి పైనుంచి చూసేవాళ్లకి తేడా ఏమీ కనపడదు.

అందుకని జీతం చీటీ వెతకొద్దు. డ్యూటీ చార్ట్ వెతకండి.

కృష్ణలంక_శ్రోత (#3)

క్యూషీట్ గారూ, డ్యూటీలు తక్కువ పడటానికి వివక్షే కారణం అని ఎలా అంటారు? రాత్రి డ్యూటీకి రామనేవాళ్లు ఉంటారు, పిల్లల పరీక్షలని సెలవు అడిగేవాళ్లు ఉంటారు. చార్ట్ వేసే ఆయన ఎవరు ఫోనెత్తితే వాళ్లకి వేస్తాడు. ప్రతిదానికీ ఆడ మగ అంటే ఎలాగండీ?

లెక్కల_మాస్టారు (#4)

ప్రశ్న సబబే. జవాబు చార్ట్‌లోంచే రావాలి గానీ మన ఊహల్లోంచి కాదు. మొదట చాలామంది చేసే తప్పు చెబుతాను.

ఒక ప్యానెల్‌లో 30 మంది, వాళ్లలో 18 మంది ఆడవాళ్లు, 12 మంది మగవాళ్లు అనుకుందాం. నెలకు 150 డ్యూటీలు. 84 ఆడవాళ్లకి, 66 మగవాళ్లకి పడ్డాయి. ఆఫీసు వాళ్లు చూపించేది ఇదే: "సగానికి పైగా ఆడవాళ్లకే ఇస్తున్నాం కదా!" ఇప్పుడు తలకు లెక్కేయండి. ఆడవాళ్లకి 84ని 18తో భాగిస్తే 4.67. మగవాళ్లకి 66ని 12తో భాగిస్తే 5.5. ఏడాదికి 56, 66. డ్యూటీకి వెయ్యి అనుకుంటే (ఇది లెక్క కోసం వేసుకున్న అంకె, అసలు రేటు కాదు) ఒకరికి 56 వేలు, ఒకరికి 66 వేలు. ఒకే రేటు, ఒకే పని, 10 వేల తేడా.

సగటు ఒక్కటే చాలదు. ప్యానెల్‌లో పేరుండి ఊరు మారిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ల సున్నాలు సగటుని కిందికి లాగేస్తాయి. కాబట్టి ఏడాదిలో ఒక్క డ్యూటీ కూడా తీసుకోనివాళ్లని పక్కన పెట్టి మళ్లీ ఒకసారి, డ్యూటీల సంఖ్య ప్రకారం అందర్నీ వరసలో నిలబెట్టి నడిమి మనిషికి ఎన్ని పడ్డాయో చూసి ఇంకోసారి, మొత్తం మూడు రకాలుగా తీయండి. మూడింట్లోనూ తేడా ఒకే వైపు మొగ్గితే అప్పుడు మాట్లాడొచ్చు.

నెల రోజుల చార్ట్ పట్టుకుని వాదనకి దిగొద్దు. కనీసం ఏడాదిది కావాలి. శ్రీరామనవమి కల్యాణం, దసరా, పుష్కరాలు వచ్చిన నెలల్లో ప్రత్యక్ష వ్యాఖ్యానాలు ఎక్కువ ఉంటాయి, ఆ నెలలు లెక్కని తిప్పేస్తాయి.

శ్రోత గారి ప్రశ్నకి: "పిలిస్తే రానన్నారు" అనేది నిజమైతే అది కూడా కాగితం మీద ఉండాలి. పిలుపుకి ఒక గడి, వచ్చిన జవాబుకి ఒక గడి. పిలుపు ఫోన్ మీదే నడిచే చోట "ఆవిడ రానంది" అన్న మాటకి సాక్ష్యం అది అన్నాయన నోరే.

క్యూషీట్ (#5)

మాస్టారు గారు చెప్పినదానికి గడులు నేను కలుపుతాను. ఎక్సెల్‌లోనో కాగితం మీదో, డ్యూటీకి ఒక వరస:

తేదీ, ఎన్నో ప్రసారం (పొద్దున్న మొదటిది, మధ్యాహ్నం రెండోది, సాయంత్రం నుంచి మూడోది), కార్యక్రమం పేరు, లైవా, రికార్డింగా, ప్రసారంలో ఎన్ని నిమిషాలు, రిపోర్ట్ చేసిన టైము, బయటపడిన టైము, ఇచ్చిన ఫీజు, పిలుపు ఎలా వచ్చింది, ఎన్ని రోజుల ముందు, డ్యూటీ మారితే ఎవరు మార్చారు.

ఆ "రిపోర్ట్ చేసిన టైము" గడి టీవీ వాళ్లకి ప్రాణం. చెల్లింపు బుకింగ్‌కి, గంటకి కాదు. 15 నిమిషాల బులెటిన్‌కి మగాయన గంట ముందు వచ్చి స్క్రిప్టు చూసుకుని కోటు తగిలించుకుంటే చాలు. ఆవిడని మేకప్ కోసం రెండు గంటల ముందు రమ్మంటారు. వార్తల తర్వాత అరగంట కలిపితే ఆయనది ఒకటిన్నర గంట చిల్లర, ఆవిడది రెండున్నర చిల్లర. చీర రిపీట్ కాకూడదు, జాకెట్టు మ్యాచ్ కావాలి, అది ఆవిడ ఖర్చే. గంటకి ఎంత పడిందో భాగించి చూస్తే రేటు కార్డు సమానత్వం అక్కడే తేలిపోతుంది.

ఇక ఏ డ్యూటీ ఎవరికి అన్నది. ఆరోగ్యం, వంటలు, పిల్లల కార్యక్రమం, ఉత్తరాలకు జవాబులు: వీటికి ఆడగొంతు. రాజకీయ చర్చ, క్రికెట్ వ్యాఖ్యానం, ఎన్నికల ఫలితాల రాత్రి, బయటి ఊళ్ల రికార్డింగులు: వీటికి మగగొంతు. రెండో రకానికి ప్రయాణ భత్యం, ఎక్కువ గంటలు, ఒక్కోచోట వేరే ఫీజు ఉంటాయి. అంతకన్నా పెద్ద సంగతి, వచ్చే ఏడాది ఎవరిని పెద్ద పనికి పిలవాలి అన్నప్పుడు "అనుభవం" కింద రాసేది వీటినే. ఈ ఏటి చిన్న డ్యూటీయే వచ్చే ఏటి అనర్హత అవుతుంది.

కృష్ణలంక_శ్రోత (#6)

మేకప్ సంగతి ఒప్పుకున్నా. కానీ రాత్రి డ్యూటీ? మూడో ప్రసారం ముగిసేసరికి రాత్రి 11 దాటుతుంది. గుంటూరు నుంచి వచ్చే అమ్మాయిని ఆ టైములో పంపించడం కన్నా వేయకపోవడమే మంచిది కదా. అది వివక్ష కాదు, జాగ్రత్త.

క్యూషీట్ (#7)

జాగ్రత్త అయితే రాత్రి తీసేసినన్ని పొద్దున్న కలపాలండీ. రాత్రివి తీసేసి అక్కడితో ఆగితే దాని పేరు కోత. చార్ట్‌లో చూడాల్సింది అదే: మూడో ప్రసారం లేని ఆడవాళ్లకి మొదటి, రెండో ప్రసారాలు మగవాళ్లకన్నా ఎక్కువ పడ్డాయా? పడితే మీ మాట నిజం.

పైగా తెల్లవారుజాము డ్యూటీ గురించి ఎవరూ జాగ్రత్త పడరు. సంకేత రాగం మొదలయ్యే ముందే స్టూడియోలో ఉండాలంటే గుంటూరు మనిషి ఇంకా చీకటుండగానే బయల్దేరాలి. ఆ చీకటి చీకటి కాదా? రెండు వేళలకీ మందు ఒకటే, దింపే బండి. రాత్రి డ్యూటీకి ఇష్టమో కాదో మనిషి మనిషిని రాతపూర్వకంగా అడిగి, ఇష్టమన్నవాళ్లకి వాహనం పెట్టాలి. అడగకుండా అందరి తరఫునా "వాళ్లకి వద్దులే" అనుకోవడం తప్పు.

షార్ట్‌వేవ్ (#8)

బీబీసీ సంగతి అందరూ అంటారు గానీ అక్కడ మనకి పనికొచ్చే ముక్క వేరే ఉంది.

2017 జులైలో లక్షా 50 వేల పౌండ్లు దాటిన 96 మంది పేర్లు బయటపెట్టారు. మూడింట రెండొంతులు మగవాళ్లు. పైనున్న క్రిస్ ఎవాన్స్‌ది 22 లక్షల పౌండ్లు దాటింది, ఆడవాళ్లలో అందరికన్నా పైనున్న క్లాడియా వింకల్‌మన్‌ది నాలుగున్నర నుంచి ఐదు లక్షల మధ్య. పేపర్లన్నీ ఈ అంకెల మీదే నడిచాయి. కానీ ఇద్దరు స్టార్ల పని ఒకటి కాదు అని ఎవరైనా వాదించొచ్చు. అందుకని ఇలాంటి పోలిక కోర్టులో నిలబడదు.

నిలబడేది క్యారీ గ్రేసీ పోలిక లాంటిది. ఆమె చైనా ఎడిటర్. అంతర్జాతీయ ఎడిటర్లు మొత్తం నలుగురు, ఇద్దరు ఆడ, ఇద్దరు మగ. ఒకే హోదా, ఒకే రకం పని. ఆమెది లక్షా 35 వేలు. ఉత్తర అమెరికా ఎడిటర్ జాన్ సోపెల్ 2 లక్షలు దాటిన జాబితాలో ఉన్నారు. సంస్థ లక్షా 80 వేలకి పెంచుతామంది. ఆమె వద్దన్నారు, అడిగింది పెంపు కాదు సమానం అని. 2018 జనవరిలో ఆ పదవి వదులుకున్నారు, జూన్‌లో సంస్థ క్షమాపణ చెప్పింది. వచ్చిన బకాయి మొత్తం ఆడవాళ్ల సమానత్వం కోసం పనిచేసే ఫాసెట్ సొసైటీకి ఇచ్చేశారు.

ఇంకా దగ్గరి పోలిక సమీరా అహ్మద్‌ది. ఆమె చేసే న్యూస్‌వాచ్‌కి ఎపిసోడ్‌కి 440 పౌండ్లు. జెరెమీ వైన్ చేసిన పాయింట్స్ ఆఫ్ వ్యూకి 3,000. రెండూ పావుగంట కార్యక్రమాలే, రెండూ ప్రేక్షకుల అభిప్రాయాల మీదే, రెండింట్లోనూ ప్రెజెంటర్ చదివేది ఎదురుగా తెర మీద కదిలే స్క్రిప్టే. వైన్ కార్యక్రమానికి కంట్లో చిలిపి మెరుపు కావాలి, అది వేరే నైపుణ్యం అని సంస్థ వాదించింది. అదేం నైపుణ్యమో మాకర్థం కాలేదంది కేసు విన్న ఉద్యోగ తగాదాల ట్రిబ్యునల్. స్క్రిప్టులో కళ్లు తిప్పమని రాసుంటే చదివేవాళ్లు తిప్పుతారు, అంతే కదా. 2020 జనవరి 10న తీర్పు ఏకగ్రీవంగా ఆమెకే వచ్చింది.

మనవాళ్లు తీసుకోవాల్సింది ఇది: "ఆ కార్యక్రమం వేరు" అనే మాట వస్తుందని ముందే తెలుసుకుని, నిడివి, స్క్రిప్టు ఎవరు రాస్తారు, లైవా రికార్డింగా, తప్పు జరిగితే ఎవరు సంజాయిషీ ఇస్తారు అనేవి పక్కపక్కన రాసి పెట్టుకోవడం.

బ్రాడీపేట_4వ_లైను (#9)

షార్ట్‌వేవ్ గారూ, అక్కడ మగ ప్రెజెంటర్లు జీతం తగ్గించుకున్నారని చదివినట్టు గుర్తు. మన దగ్గర అలా చేయొచ్చా?

షార్ట్‌వేవ్ (#10)

నిజమే, 2018 జనవరిలో జాన్ హంఫ్రీస్, జెరెమీ వైన్, సోపెల్ ఇంకొందరు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. ఇక్కడి చట్టం సంగతి వాయిదా గారు చెప్పాలి.

ఇంకో ముక్క మరిచాను. వయసు. 2009లో బీబీసీ పల్లె కార్యక్రమం కంట్రీఫైల్ నుంచి తప్పించిన మిరియమ్ ఓరైలీ 2011లో కేసు గెలిచింది వయసు వివక్ష మీద. ఆడ కాబట్టి తీసేశారన్న వాదన మాత్రం నిలవలేదు. తెర మీద జుట్టు నెరిసిన ఆయన్ని పెద్దమనిషి అంటాం, ఆవిడకి మాత్రం "కొత్త ముఖాలు కావాలి" అని కబురొస్తుంది. ప్యానెల్ రెన్యువల్‌కి మళ్లీ స్క్రీన్ టెస్ట్ పెట్టే చోట ఎవరు పోయారో వయసుతో సహా రాసుకోండి.

ఫేడర్_బాబాయ్ (#11)

నేను మైకుల సంగతి చెబుతాను, ఎందుకంటే "ఆడగొంతు వార్తలకి గుచ్చుకుంటుంది" అనే మాట ఇంకా వినపడుతోంది. అది సగం మైకు తప్పు, సగం పాత ట్రాన్స్‌మిటర్ తప్పు.

మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషన్‌కి 9 కిలోహెర్ట్జ్ జాగా. అంటే వినపడే శబ్దం నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గర తెగిపోతుంది. స, ష, చ లాంటి అక్షరాల పదును ఆడగొంతులో అంతకు పైన ఎక్కువ ఉంటుంది, మగగొంతులో కాస్త కిందికి ఉంటుంది. కాబట్టి విజయవాడ మీడియం వేవ్ 837 మీద వింటూ పెరిగిన చెవికి ఆడగొంతు అక్షరాలు మసగ్గా, మగగొంతు గట్టిగా తోచింది. ఎఫ్ఎం 15 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది. విజయవాడ ఎఫ్ఎం 102.2 పెట్టుకుని ఆ పాత మాట అనడంలో అర్థం లేదు. ఇప్పుడు సగం మంది వినేది ఫోన్ స్పీకర్లో, దాంట్లోంచి 200 హెర్ట్జ్ కింద సరిగ్గా రాదు. మగగొంతు అడుగు అక్కడే పోతుంది. ఈ లెక్కన ఫోన్‌లో దెబ్బ తినేది మగగొంతే.

ఇక స్టూడియోలో. కార్డియాయిడ్ మైకుకి (ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువ పట్టే రకం) దగ్గరైతే మంద్రం పెరుగుతుంది. మగవాళ్లకి ఆ గుంయ్‌మనడం తగ్గించడానికి మిక్సర్‌లో కింద కోసి, 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త పెంచి, ఆ సెట్టింగుని అలాగే వదిలేస్తారు. తర్వాత వచ్చిన అమ్మాయి దానిమీదే చదువుతుంది. ఉన్న కాస్త మంద్రం పోయి, పదును రెట్టింపై, కీచుమంటుంది. గొంతు బాగాలేదని చార్ట్‌లో పేరు తగ్గుతుంది.

చేయాల్సింది: ఈక్వలైజర్ చదును చేసి మొదలుపెట్టండి. మైకు నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్లు, నేరుగా కాకుండా 30 డిగ్రీలు పక్కకి. హై పాస్ (అడుగు శబ్దాన్ని కోసే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర. స కారం ఇంకా కొరుకుతుంటే దాని పదును తగ్గించే డీ ఎస్సర్ ఆడగొంతుకి 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య, మగగొంతుకి ఇంకాస్త కింద, 3 లేదా 4 డెసిబెల్స్ మించకుండా. స్థాయిని కంటితో కాదు, లౌడ్‌నెస్ మీటర్‌తో అందరికీ ఒకే అంకెకి తెండి. డిజిటల్ కన్సోల్ అయితే ఒక్కొక్కరి సెట్టింగు వాళ్ల పేరు మీద సేవ్ చేస్తే రెండు నిమిషాల పని.

వాయిస్ టెస్టులో కూడా ఇదే చేయాలి. అందరికీ ఒకే సెట్టింగు అంటే న్యాయంగా కనిపిస్తుంది, కాదు.

లెక్కల_మాస్టారు (#12)

బాబాయ్ గారూ, ఆడిషన్ సంగతి వచ్చింది కాబట్టి. సంగీతానికైతే కళాకారుణ్ణి తెర చాటున కూర్చోబెట్టి వింటే ఎవరో తెలియదు. మాట పరీక్షకి అది కుదరదు, గొంతు వినగానే ఆడో మగో తెలిసిపోతుంది. తెర కట్టి లాభం లేదు. మార్కుల పట్టికని విడగొట్టడమే దారి. అనువాదం, స్క్రిప్టు రాత కాగితం మీద, పేరు బదులు నంబరుతో ముందు దిద్దేయాలి, ఆ మార్కులు సీలు చేయాలి. తర్వాత ఉచ్చారణ తప్పుల లెక్క: ళ, ణ, ఒత్తులు, విదేశీ పేర్లు. తప్పుకి ఒక మార్కు తీసేయడమే, అభిప్రాయానికి చోటు లేదు. చివర్లో "గొంతు నిండుదనం" లాంటి రుచి మార్కులు. వీటికి వందలో 20 మించకూడదు. 50 పెడితే మొదటి రెండూ దండగ.

వాయిదా_మీద_వాయిదా (#13)

చట్టం.

1976 నాటి సమాన పారితోషిక చట్టం ఇప్పుడు లేదు. దాన్ని కలిపేసుకున్న వేతనాల కోడ్, 2019 అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. సెక్షన్ 3 చెప్పేది: ఒకే యజమాని కింద ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి, వేతనంలో లింగ భేదం చూపకూడదు. పనిలోకి తీసుకునేటప్పుడూ, పని షరతుల్లోనూ చూపకూడదు. నాలుగో లైను గారు అడిగినదానికి జవాబు కూడా అక్కడే ఉంది: సమానం చేయడం కోసం ఎవరి వేతనం తగ్గించకూడదు. కిందివాళ్లని పైకి తేవడమే.

ఒక మాట మారింది, గమనించండి. "ఒకే తరహా పని"ని పాత చట్టం నైపుణ్యం, శ్రమ, బాధ్యతలతో కొలిచేది. కొత్తది "అనుభవం" కూడా చేర్చింది. #5లో క్యూషీట్ గారు చెప్పిన ఉచ్చు ఇప్పుడు చట్టంలోనే కూర్చుంది. ప్రసూతికి ఏడాదిన్నర ఆగి వచ్చినావిడకి అనుభవం తక్కువ అంటారు. దానికి జవాబు అదే నిర్వచనం చివర్లో ఉంది: తేడా ఉన్నా అది పనికి ఆచరణలో ముఖ్యం కాకపోతే లెక్కలోకి రాదు. బులెటిన్ చదవడానికి ఎనిమిదేళ్ల అనుభవానికీ పదేళ్ల అనుభవానికీ ఆచరణలో తేడా ఏమిటో చూపించమనాలి.

సుప్రీంకోర్టు 1987లో మెకిన్నన్ మెకెంజీ, ఆడ్రీ డికోస్టా కేసులో లేడీ స్టెనోగ్రాఫర్ల గురించి చెప్పింది ఇప్పటికీ పనికొస్తుంది: చిల్లర తేడాలు పట్టుకోకూడదు, పనిని మొత్తంగా చూడాలి. యూనియన్ ఒప్పుకుని సంతకం పెట్టిందనీ, సంస్థ దగ్గర డబ్బుల్లేవనీ తప్పించుకోలేరు. 2016లో జగజీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకీ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందంది. కానీ పని సమానమని రుజువు చేసే బరువు అడిగినవాళ్లదే. మాస్టారు గారి పట్టిక అందుకే కావాలి.

అసలు గండం వేరే ఉంది. క్యాజువల్ ఆర్టిస్టు "ఉద్యోగి"యేనా? బుకింగ్ కాగితం మీద ఇది ఉద్యోగం కాదు, ఒక్క కార్యక్రమానికి ఒప్పందం అని ఉంటుంది. టీడీఎస్ కూడా జీతం కింద కాదు, వృత్తి ఫీజు కింద కోస్తారు. ఇంగ్లండులో ఈ చిక్కు తక్కువ, అక్కడి 2010 సమానత్వ చట్టం స్వయంగా పని చేసే ఒప్పందం ఉన్నవాళ్లందర్నీ కలుపుకుంటుంది. ఇక్కడ కోర్టు కాగితం మీది పేరు కన్నా అజమాయిషీ ఎవరిదో చూస్తుంది. కాబట్టి దాచుకోవాల్సినవి: టైము ఎవరు నిర్ణయిస్తారో చూపే చార్ట్, లాగ్ బుక్‌లో మీ సంతకం ఉన్న పేజీలు, ఆలస్యానికి ఇచ్చిన మెమో, స్క్రిప్టు మార్చమని వచ్చిన ఆదేశం. మెమో వస్తే చించేయకండి. నువ్వు నా ఉద్యోగివి కావు అనే సంస్థ మెమో ఇవ్వడమే మీకు సాక్ష్యం.

ఎక్కడికి వెళ్లాలి: కోడ్ కింద క్లెయిము వేయడానికి గడువు మూడేళ్లు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి కేంద్రానిది కాబట్టి రాష్ట్ర కార్మిక శాఖకి కాదు, కేంద్ర కార్మిక అధికారులకి. సర్వీసు తగాదాగా తీసుకెళ్తే క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచి, అక్కడ గడువు ఏడాదే. ముందు సంస్థకి వినతి ఇచ్చి ఆరు నెలలు చూడాలి, జవాబు రాకపోతే ఆ తర్వాత ఏడాది. ఎక్కువ కేసులు ఈ గడువు దగ్గరే పోతాయి. మళ్లీ మళ్లీ వినతులు ఇస్తే గడువు మళ్లీ మొదలవదు.

లాయరు ఫీజు గురించి: ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయొచ్చు.

పది_రూపాయల_పోస్టల్_ఆర్డర్ (#14)

పట్టిక నింపడానికి సమాచారం ఎక్కడిది అని ఇంతవరకు ఎవరూ అడగలేదు! మీ డ్యూటీలు మీకు తెలుసు, మిగతావాళ్లవి? సమాచార హక్కు దరఖాస్తే దారి, కానీ రాసే తీరులో ఉంది అంతా.

"ఫలానా ఆయనకి ఎంత ఇచ్చారు" అని రాయొద్దు. వ్యక్తిగత సమాచారం అని సమాచార హక్కు చట్టం 8(1)(జె) కింద కొట్టేస్తారు. ఆ క్లాజుని డేటా రక్షణ చట్టంతో 2025 నవంబరులో ఇంకా బిగించారు. పేర్లు లేకుండా ఇలా అడగండి:

ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, నెలవారీగా, క్యాజువల్ ప్యానెల్‌లో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, మొదటి, రెండో, మూడో ప్రసారాల్లో ఒక్కో వర్గానికి ఇచ్చిన డ్యూటీల సంఖ్య, చెల్లించిన మొత్తం, స్టూడియో బయటి రికార్డింగులు ఎవరికెన్ని, డ్యూటీలు కేటాయించే పద్ధతిపై ఉన్న ఆదేశం నకలు.

"అలా విడగొట్టిన లెక్క మా దగ్గర లేదు" అని జవాబొస్తుంది. తప్పు కూడా కాదు, లేని పట్టికని తయారుచేసి ఇవ్వక్కర్లేదు. అందుకే అదే దరఖాస్తులో చివరి అంశంగా "డ్యూటీ చార్టులు, లాగ్ బుక్కులు తనిఖీ చేసే అవకాశం ఇవ్వగలరు" అని రాయాలి. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకి 5 రూపాయలు. నకలు పేజీకి 2 రూపాయలు. కూర్చుని మీరే లెక్కపెట్టుకోవచ్చు.

దరఖాస్తు 500 మాటలు మించొద్దు, ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. అదీ తేలకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కి.

కృష్ణలంక_శ్రోత (#15)

సరే, ఇవన్నీ చేసిన మనిషికి వచ్చే నెల డ్యూటీ వేస్తారా? ఆపేయడానికి నోటీసు కూడా అక్కర్లేదు కదా, ఫోన్ చేయకపోతే చాలు.

వాయిదా_మీద_వాయిదా (#16)

ఇంతవరకు వచ్చినవాటిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే శ్రోత గారూ. పూర్తి రక్షణ ఉందని చెబితే అబద్ధం. నష్టం తగ్గించే పద్ధతులు ఉన్నాయి.

ఒకటి, దరఖాస్తు ప్యానెల్‌లో లేని మనిషి పేరు మీద వేయండి. సమాచారం ఏ పౌరుడైనా అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. రెండు, వినతి ఒక్కరు కాకుండా నలుగురైదుగురు కలిసి, అందులో ఒకరిద్దరు మగవాళ్లు కూడా ఉండేట్టు. మూడు, ఫిర్యాదుకి ముందు 12 నెలల చార్ట్ చేతిలో పెట్టుకున్నాకే ఫిర్యాదు. ఆ తర్వాత డ్యూటీలు పడిపోతే ముందూ వెనకా అంకెలే మాట్లాడతాయి. ముందు చార్ట్ లేకపోతే "ఎప్పుడూ ఇంతే ఇచ్చేవాళ్లం" అంటారు.

డ్యూటీల బేరం వెనక వేధింపు ఉంటే అది వేరే దారి. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఉద్యోగి అంటే రోజు కూలి, కాంట్రాక్టు, తాత్కాలికం అందరూ వస్తారు, కాబట్టి పైన చెప్పిన గండం అక్కడ లేదు. అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. కమిటీకి అధ్యక్షురాలు మహిళే ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు. దీన్నీ వేతన ఫిర్యాదునీ ఒకే కాగితంలో కలపకండి. కలిపితే రెండూ నానుతాయి.

బ్రాడీపేట_4వ_లైను (#17)

బాగుంది. #4, #5 గడులు కలిపి ఖాళీ పట్టిక ఒకటి తయారుచేసి ఇక్కడ పెడతాను. పోస్టల్ ఆర్డర్ గారూ, ఆ 10 రూపాయల ఆర్డర్ ఎవరి పేరు మీద తీయాలి? స్టేషన్ డైరెక్టర్ పేరు మీదా?

పది_రూపాయల_పోస్టల్_ఆర్డర్ (#18)

కాదు. "అకౌంట్స్ ఆఫీసర్" అని, పక్కన సంస్థ పేరు. మనిషి పేరు రాస్తే వెనక్కొస్తుంది, మళ్లీ నెల పోతుంది. కేంద్ర ఆన్‌లైన్ పోర్టల్‌లో వేస్తే ఈ గొడవ లేదు, కానీ పోర్టల్‌లో సంస్థ ఎంచుకునేటప్పుడు మంత్రిత్వ శాఖని కాకుండా ప్రసార భారతి కింద ఉన్నదాన్ని ఎంచుకోండి, లేకపోతే బల్లలు తిరిగి రావడానికే రోజులు పడుతుంది. తనిఖీకి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకుండా ఇద్దరు వెళ్లండి. ఒకరు చదివితే ఒకరు రాసుకోవాలి. 365 రోజుల చార్ట్ ఒక్క గంటలో అవదు, రెండు మూడు గంటలకి సరిపడా చిల్లర జేబులో పెట్టుకోండి.